గోడలు నిలిచినా కాలం చెల్లిన కట్టడాలు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టం అంతటిదన్నమాట. అంత కష్టపడి కట్టిన ఇంటిని, గోడలు చెక్కుచెదరక నిలిచి ఉండగానే మనుష్యులే కూలీలను పెట్టి ఎందుకు పడగొట్టిస్తారన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. తరాల క్రిందట స్వస్థలాలు విడిచి మద్రాసులోనో, బెంగుళూరులోనో, బరంపురంలోనో, బొంబాయిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తాతలనాటి ఇళ్ళున్నాయి. ఊరివారంతా తలా కాస్తా వేసుకొని కట్టుకున్న సంఘ భవనాలున్నాయి, సత్రాలున్నాయి, బడులున్నాయి. ఏ కార్యవర్గ సమావేశంలోనైనా, ఏ అన్నదమ్ముల పంపకంలోనైనా, ఒకనాటికి ఎవరో ఒకరు “అది పాతబడిపోయిందండీ” అని అనక మానరు. ఆ మాటతో కట్టడం భవితవ్యం సగం తేలిపోతుంది. కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో ముందుగా తెలుసుకోవడం మంచిది.

కట్టడానికి రెండు రకాల చావులున్నాయి. ఒకటి శిథిలం కావడం: చెదలు తినడం, చువ్వలు తుప్పు పట్టడం, పునాది కుంగడం. ఇది కంటికి కనబడే జబ్బు. రెండవది కాలం చెల్లడం. ఇందులో గోడకు ఏ లోపమూ ఉండదు. ఆ గోడతో మనిషికి అవసరం తీరిపోతుంది. లోకంలో పడగొట్టబడే కట్టడాలలో ఈ రెండవ రకం చావు చచ్చేవి చాలా ఉన్నాయి. తమాషా ఏమిటంటే, రెండవ జబ్బు పట్టిన కట్టడాన్ని కూడా మొదటి జబ్బు పేరు చెప్పే పడగొడతారు.

పని వెళ్ళిపోతే

కాలం చెల్లడానికి మొదటి కారణం, ఏ పనికోసం కట్టారో ఆ పని అక్కడినుంచి వెళ్ళిపోవడం.

కోలారు బంగారు గనులను చూడండి. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు అక్కడ తవ్వకం చేపట్టారు. 1902లోనే శివసముద్రం జలపాతం నుంచి తీగలు వేసి విద్యుత్తు తెచ్చారు. నేలలో మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగారు. పైన ఒక పట్టణమే వెలిసింది: దొరల బంగళాలు, క్లబ్బు, ఆసుపత్రి, కూలీల వరుస ఇళ్ళు. తమిళులతోపాటు చుట్టుపట్ల తెలుగువారు కూడా అక్కడికి వెళ్ళి తరతరాలు బ్రతికారు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆనాటి సాయంకాలం బంగళా గోడ ఎంత గట్టిగా ఉన్నదో, మర్నాడూ అంతే గట్టిగా ఉంది. కాని గని లేనిదే గని బంగళా ఎవరికి కావాలి?

గంజాం సీమలోని గోపాలపురం కథ ఇంకొక విధమైనది. ఒకప్పుడు అక్కడినుంచి రంగూనుకు స్టీమర్లు నడిచేవి. అన్నం వెతుక్కుంటూ మనవాళ్ళెందరో ఆ రేవులోనే ఓడ ఎక్కారు. 1942లో బర్మా జపాను వశమయ్యాక ఆ రాకపోకలు తెగిపోయాయి. సముద్రపు ఒడ్డున సరకు దాచుకొనే గిడ్డంగులు మొండి గోడలుగా మిగిలాయి. వాటిని పాడు చేసినది సముద్రపు ఉప్పుగాలి అని మనం అనుకుంటాం. గాలి తరువాత వచ్చింది; ముందు ఓడ రావడం మానింది.

తెలుగువారికి మరీ దగ్గరి ఉదాహరణ మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియో. “పాతాళభైరవి”, “మాయాబజార్” వంటి చిత్రాలు రూపొందిన చోటు అది. పెద్ద పెద్ద చావళ్ళలాంటి ఆ ఫ్లోర్లు, దీపాల వెలుగులో సెట్లు వేసి చిత్రాలు తీసే పద్ధతికి తగినట్టు కట్టినవి. కెమెరాలు తేలికపడి ఆరుబయట చిత్రాలు తీయడం పెరిగింది. తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలింది. ఫ్లోర్లకు పని తగ్గింది. స్టూడియో అధిపతి నాగిరెడ్డిగారు 1972లో ఆ పక్కనే విజయా ఆసుపత్రి నెలకొల్పారు. 2013 నాటికి స్టూడియో స్థలంలో పెద్ద అంగళ్ళ సముదాయం వెలిసింది.

కొత్తదనం కూడా కట్టడాన్ని కాపాడలేదు. మద్రాసు మౌంటు రోడ్డులో 1964లో ఒకే ఆవరణలో మూడు హాళ్ళతో సఫైర్ థియేటరు వెలసినప్పుడు దేశమంతా వింతగా చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ళు గడిచేసరికి, 1990ల దశకంలో, దానికీ తెర దిగింది.

నేల ధర పెరిగితే

రెండవ కారణం క్రింద ఉన్న నేల. కట్టడం విలువ ఏటేటా తగ్గుతుంది. పట్నంలో దానిక్రింది నేల విలువ ఏటేటా పెరుగుతుంది. ఒకనాడు ఈ రెండింటికీ పోటీ వస్తుంది. అప్పుడు నేలదే గెలుపు.

ఈ సంగతి లోకానికి బాగా తెలిసివచ్చినది న్యూయార్కులో. అక్కడి వాల్ వీధి మూలమీద 1897లో గిల్లెండర్ భవనమనే సుమారు ఇరవై అంతస్తుల మేడ కట్టారు. అప్పటికి అది ఆకాశహర్మ్యమే. కాని 1910లో, అంటే కేవలం 13 ఏళ్ళకే, దాన్ని పడగొట్టి అక్కడ ఇంకా పెద్ద బ్యాంకు భవనం లేపారు. మేడకు ఏ జబ్బూ లేదు. ఆ స్థలం ఇచ్చే రాబడికి ఆ మేడ చాలలేదు, అంతే.

మన దేశంలో ఇదే కథ బొంబాయి బట్టల మిల్లులది. 1856లో అక్కడ మొదటి నూలు మిల్లు నడక సాగించింది. తరువాత నూరేళ్ళకు పైగా పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతాలు మిల్లు కూతతోనే నిద్రలేచాయి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన నేతపనివారు ఆ మగ్గాలమీద పనిచేశారు. అదే సీమనుంచి ఇంకా ముందుగా వెళ్ళిన కామాటీ కూలీలు ఆ నగరపు కట్టడాలకు రాళ్ళు మోశారు. కామాటిపుర అనే పేరు వారిదే. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. ఆ తరువాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. అప్పటికే యంత్రాలు పాతబడ్డాయి, మరమగ్గాల పోటీ వచ్చింది. కాని అన్నిటికంటే బలమైనది నేల ధర. ఊరి చివర కట్టిన మిల్లులు, ఊరు పెరగడంవల్ల ఊరి నడుమకు వచ్చాయి. 1991లో వచ్చిన నిబంధనల ప్రకారం మిల్లు భూమిని మూడు వాటాలు చేయాలి: ఒకటి నగరానికి, ఒకటి ప్రభుత్వ గృహనిర్మాణానికి, ఒకటి యజమానికి. 2001లో ఈ పంపకం ఖాళీ నేలకే వర్తిస్తుందని సవరించారు. మిల్లు కట్టడం నిలిచిన నేల పంపకంలో లేకుండా పోయింది. కొన్నిచోట్ల పొగగొట్టం మాత్రం గుర్తుగా మిగిలి, చుట్టూ అద్దాల మేడలు లేచాయి.

అద్దె కదలకపోతే

నేల ధర పెరిగి చచ్చే కట్టడాలు కొన్నైతే, రాబడి లేక చచ్చేవి కొన్ని. ఇది మూడవ కారణం; ఇందులో చట్టానికీ పాత్ర ఉంది.

బొంబాయి కాలాఘోడాలో వాట్సన్ హోటలనే కట్టడముంది. దాని ఇనుప చట్రాన్ని ఇంగ్లండులో పోతపోసి ఓడలమీద తెచ్చి 1860ల చివర ఇక్కడ బిగించారు. లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను మన దేశంలో మొదటిసారి, 1896 జూలై 7న చూపినది అక్కడే. హోటలు మూతపడ్డాక గదులు చిన్న చిన్న కచేరీలుగా చీలాయి. 1947 నాటి బొంబాయి అద్దెల చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టివేసింది. యుద్ధకాలపు కాటకంలో పేదలను కాపాడటానికి వచ్చిన ఏర్పాటే అది, ఆనాటికి న్యాయమే. కాని ధరలు పెరుగుతూ పోగా అద్దె కదలలేదు. వచ్చే అద్దె సున్నపు వెల్లకైనా చాలనప్పుడు యజమాని బాగుచేయించడు. తనది కాని గోడకు అద్దెకున్నవాడు డబ్బు పెట్టడు. ఇద్దరి మధ్యా కట్టడం నలిగిపోతుంది. 1997 చివర సుప్రీంకోర్టు ఆ కట్టడి ఇక న్యాయసమ్మతం కాదని చెప్పింది. 1999లో చేసిన కొత్త చట్టం మరుసటి ఏడు అమలుకు వచ్చి ఏటా నూటికి 4 వంతున పెంచుకోనిచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. 2005లో వాట్సన్ వసారాలలో కొంతభాగం కూలి ఒక ప్రాణం పోయింది.

కట్టడానికి యజమాని ఒకడు, అనుభవించేవాడు ఇంకొకడు, మరమ్మతు చేయవలసినవాడు ఎవడో తెలియకపోవడం — దీనికి మించిన చెదలు లేదు. మన ఇళ్ళలో కూడా తాత పేర ఉన్న ఇల్లు పదిమంది మనుమల వాటాలైనప్పుడు జరిగేది ఇదే. అందరిదీ ఐన ఇంటికి పెంకు మార్చేవాడు ఉండడు.

బ్రతికే తీరు మారితే

నాలుగవ కారణం మన ఇళ్ళలోపలే ఉంది. మండువా లోగిలి ఎందుకు కట్టారో ఆలోచించండి. నడుమ ఆరుబయలు, చుట్టూ వసారాలు, ఒక మూల గాదె, పెరటిలో నుయ్యి, పశువుల కొట్టం. ఉమ్మడి కుటుంబం, పొలం పంట, కట్టెల పొయ్యి — ఈ మూటికీ సరిగా కొలిచి కుట్టిన చొక్కా అది. పంట లేదు, పశువు లేదు, కొడుకులు నాలుగు ఊళ్ళలో ఉన్నారు. మిగిలిన పెద్దవాళ్ళిద్దరికీ రాత్రివేళ పెరటిలోని మరుగుదొడ్డికి మెట్లు దిగి వెళ్ళడం ప్రాణాంతకం. ఇల్లు మారలేదు, ఇంటివాళ్ళు మారారు.

పాతదంతా మంచిదే అని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బొంబాయిలో 1920లలో ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాళ్ళు 207 ఉండేవి. ఒక్కొక్క చాలులో 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. మరుగుదొడ్లు అందరికీ ఉమ్మడి. మిల్లుకు పనికి వచ్చిన ఒంటరివాడు రాత్రి తల దాచుకొనేందుకు ఆ గది చాలును కాబోలు. అందులోనే మూడు తరాల కుటుంబం కాపురమున్నప్పుడు, గోడ ఎంత గట్టిదైతేనేమి? వర్లీలో వాటి స్థానంలో కట్టిన కొత్త ఇళ్ళు 500 చదరపు అడుగులవి; 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలు అందాయి. ఆ తాళం చేతిలో పట్టుకున్న ఇల్లాలిని పాత చాలు అందం గురించి అడగడం న్యాయం కాదు. కాలం చెల్లిన కట్టడంలో మనుష్యులను ఉంచడం కూడా ఒక అన్యాయమే.

బాగుచేసే చెయ్యి లేకపోతే

ఐదవ కారణం ఎవరూ అంతగా గమనించనిది. మద్రాసులో పాత ఇళ్ళ మిద్దెలు చూడండి. టేకు దూలాలపై సన్న ఇటుకలను అంచుమీద నిలిపి, ఏటవాలు వరుసలుగా సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి దిమ్మిసలతో కొట్టేవారు. సున్నాన్ని రోజులతరబడి నానబెట్టి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి నూరేవారు. టేకు బర్మా నుంచి ఓడలమీద వచ్చేది. ఓడ ఆగింది, టేకు ప్రియమైంది. సిమెంటు వచ్చింది, సున్నం నూరే మేస్త్రీ కొడుకు వేరే పనిలోకి వెళ్ళాడు. ఆనాటినుంచి ఆ మిద్దె బాగుచేయించుకొనే వీలులేని మిద్దె అయిపోయింది. పైగా, తెలియక సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. మనం “పాత గోడ, చెమ్మెక్కుతోంది” అంటాం. చాలాచోట్ల అది పాత జబ్బు కాదు, కొత్త వైద్యం.

సిమెంటు స్లాబులకూ ఆయుర్దాయం ఉంది. వాన నీరు, సముద్రపు ఉప్పు లోపలికి దిగితే చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. మొదటి పెచ్చు ఊడినప్పుడే చూసుకొంటే తక్కువ ఖర్చుతో పోతుంది. పదేళ్ళు ఊరుకుంటే పడగొట్టడమే గతి అవుతుంది.

బ్రతికి బట్టకట్టినవి

ఇన్ని గండాలు గడిచి నిలిచినవి కూడా ఉన్నాయి. మద్రాసు చేపాకులో ఆర్కాటు నవాబు 1768లో కట్టించుకున్న మహలుంది. 1855లో నవాబు బిరుదు రద్దైంది. నవాబు పోతే నవాబు మహలుకు కాలం చెల్లాలి కదా! కాని అది ప్రభుత్వ కచేరీగా మారింది. 2012 జనవరిలో మంటలు రేగి అందులో కలస్ మహలు కాలిపోయింది. పడగొట్టక మళ్ళీ నిలబెట్టారు. హరిత న్యాయస్థానపు దక్షిణాది ధర్మాసనానికి ఇప్పుడు నెలవు అదే.

బెంగుళూరులో అఠారా కచేరి కూడా అటువంటిదే. 1868లో పద్దెనిమిది శాఖలకోసం కట్టిన ఆ ఎర్రని భవనంలో తరువాత హైకోర్టు వెలిసింది. 1980ల మొదట్లో చోటు చాలదని దాన్ని పడగొట్టే ప్రతిపాదన వచ్చింది. పౌరులు ఆ హైకోర్టునే ఆశ్రయించారు. తీర్పు వారికి అనుకూలంగా రాకపోయినా, ఊరంతా ఎత్తిన గొంతు వృథా కాలేదు, భవనం నిలిచింది. చోటు లోటు వెనుక కట్టిన అదనపు భాగంతో తీరింది. అదే ఊళ్ళో పాత సెంట్రల్ జైలు పరప్పన అగ్రహారానికి తరలిపోయాక, ఆ ఆవరణను 2008లో ఫ్రీడం పార్కు పేర ప్రజలకు తెరిచారు. ఖైదుకోసం కట్టిన గోడలనడుమ ఇప్పుడు జనం షికారు చేస్తున్నారు.

ఇవి ఎందుకు బ్రతికాయి? స్టూవర్ట్ బ్రాండ్ అనే అమెరికా రచయిత 1994లో భవనాల జీవితం గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. కట్టడం ఒక్క వస్తువు కాదనీ, పొరలు పొరలుగా ఉంటుందనీ, ఒక్కొక్క పొర ఒక్కొక్క వేగంతో పాతబడుతుందనీ అందులో వివరించాడు. అస్థిపంజరం వంటి చట్రం ముప్పై ఏళ్ళనుంచి మూడు వందల ఏళ్ళదాకా నిలుస్తుంది. నీటిగొట్టాలు, కరెంటు తీగలు ఏడునుంచి పదిహేనేళ్ళలో మార్చుకోవలసి వస్తుంది. సామాను రోజూ జరుగుతూనే ఉంటుంది. చట్రాన్ని కదిలించకుండా పై పొరలను మార్చుకొనే వీలున్న కట్టడం నాలుగు కాలాలపాటు బ్రతుకుతుంది. చేపాకు మహలుకు పెద్ద గదులు, ఎత్తైన కప్పులు, వెడల్పు వసారాలు ఉన్నాయి. ఏ పనికైనా ఒదుగుతాయి. ఒక్క పనికే అంగుళం అంగుళం కొలిచి కట్టినది ఆ పనితోనే పోతుంది.

మన చేతిలో ఉన్నది

కాబట్టి ఈసారి మన ఇంటనో, మన సంఘంలోనో “పాతబడిపోయింది” అన్న మాట వచ్చినప్పుడు వెంటనే తలలూపకుండా నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఏ పొర పాతబడింది? గొట్టాలూ తీగలూ పాతబడితే చట్రాన్ని పడగొట్టనక్కరలేదు. కట్టడంతో లాభనష్టాలు లేని ఇంజనీరు ఒకరిచేత చూపించి, ఆయన మాట కాగితంమీద వ్రాయించుకోవాలి.

పని పోయిందా, పనికి రూపం మారిందా? వేసవి సెలవులలో నాటకాలాడిన హాలుకు నేడు ప్రేక్షకులు లేకపోవచ్చు. పిల్లలకు తెలుగు నేర్పే తరగతికో, ముసలివారి పగటి కాలక్షేపానికో, మందుల పంపిణీకో ఆ చోటే సరిపోవచ్చు. మెట్ల పక్కన ఒక వాలుదారి, లోపల ఒక మరుగుదొడ్డి వేస్తే ముప్పై ఏళ్ళ ఆయువు పెరిగిన కట్టడాలున్నాయి.

ఆ మాట ఎవరు అంటున్నారు? పడగొడితే నేల ఎవరికి చేరుతుందో వారి మాటను కొంచెం తగ్గించి వినాలి. అలాగే, ఆ కప్పుక్రింద రాత్రి పడుకొనేవారి మాటను కొంచెం పెంచి వినాలి.

హక్కు ఎవరిది? కాగితాలు చక్కబెట్టుకోని కట్టడానికి మరమ్మతు ఎన్నడూ జరగదు. వాటాలు తేల్చుకొని, ఏటా కొంత సొమ్ము మరమ్మతుకని వేరుగా తీసిపెట్టుకోవడం సున్నంకంటే, సిమెంటుకంటే గట్టి ఆధారం.

అన్నీ విచారించాక కూడా పడగొట్టడమే మేలని తేలితే నిస్సంకోచంగా పడగొట్టవచ్చు. ఐతే ముందు కొలతలు తీసి, ఫొటోలు తీయించి, దాతల పేర్లున్న శిలాఫలకాన్ని భద్రపరచాలి. టేకు ద్వారబంధాలు, దూలాలు, కడప నాపరాళ్ళు కొత్త కట్టడంలోకి ఎక్కించాలి. కొత్తదాన్ని మన అవసరానికే కాక, మనం ఊహించలేని మనుమల అవసరానికి కూడా ఒదిగేటట్టు కట్టాలి: నడుమ స్తంభాలు తక్కువగా, గొట్టాలు గోడ పగలగొట్టకుండానే అందేటట్టుగా, క్రింది అంతస్తు మెట్లు లేకుండా.

మన ముందుతరాలవారు పరాయి ఊళ్ళో కాలూనగానే చేసిన మొదటి పనులలో ఒకటి, నలుగురూ కూర్చొనేందుకు ఒక చోటు కట్టుకోవడం. ఆ చోటును అలాగే ఉంచాలా, మార్చుకోవాలా, కొత్తగా కట్టాలా అన్నది మనమే తేల్చుకోవాలి. మనం తేల్చకుండా ఊరుకుంటే, వాననీరు, నేల ధర కలిసి మన తరఫున తేల్చేస్తాయి.